గుండీ గౌను కొలత

జనవరి 9

అక్కా,

ఈ కవరు మీద నా దస్తూరి చూడగానే "వీడికి మళ్ళీ ఏదో పని పడింది" అనుకుంటావు. అనుకో, నిజమే. ఫోన్‌లో మాట్లాడుకుందామంటే మనిద్దరం ఒకేసారి అరుస్తాం, ఆఖరికి ఎవరేం చెప్పారో ఎవరికీ తెలియదు. ఈ విషయంలో నాన్న పెట్టిన ఉత్తరాల అలవాటే నయం. కాగితం మీదైతే నువ్వు నా మాటకి అడ్డు రాలేవు.

సంగతి నా కూతురి గురించి. కొట్లో రాలిన గుండీలు ఏరి డబ్బాలో వేసుకోవడం ఇంకా మానలేదు, నాన్న నాటి నుంచీ మన కుట్టుకొట్లో ఉన్న ఇస్త్రీ బాబాయి పెట్టిన "గుండీ" అన్న పేరే దానికి స్థిరపడిపోయింది. వచ్చే నెలకి మూడేళ్ళు నిండుతాయి. కానీ అక్కా, పొద్దున్నే లేపితే లేవడం లేదు. ఒళ్ళంతా చెమట, చేతులు చల్లగా అయిపోతాయి. మా ఆవిడ చెంచాతో చక్కెర నీళ్ళు నోట్లో పోస్తే కాసేపటికి కళ్ళు తెరుస్తుంది. రోజుకి ఆరేడు విరేచనాలు. తిన్నదాంట్లో సగం బయటికే. మాటలు మాత్రం కోటలు దాటతాయి, బాబాయికే ఇస్త్రీ ఎలా చేయాలో చెబుతుంది.

నాకు అసలు భయం ఎక్కడ పట్టుకుందో చెప్తాను. కిందటి ఫిబ్రవరిలో దాని గౌను కొలతకి ఖాకీ కాగితం కత్తిరించి మేకుకి తగిలించాను. ఛాతీ పద్దెనిమిదిన్నర అంగుళాలు, నడుము పద్దెనిమిది, పొడవు పదిహేనున్నర. ఆ ఈడు పిల్లలకి నాలుగైదు నెలలకోసారి కాగితం మార్చాలి. మిగిలిన గుడ్డముక్కలతో దానికి ఇప్పటిదాకా ఏడు గౌన్లు కుట్టాను, ఏడూ ఆ కాగితం మీదే కత్తిరించాను. పదకొండు నెలలు! వీధిలో పిల్లలందరి కొలతలూ నా పుస్తకంలో పెరుగుతున్నాయి, నా పిల్ల ఒక్కతే ఆ మేకు దగ్గర ఆగిపోయింది.

ఇక్కడి పిల్లల డాక్టరు మంచివాడే, కానీ తల గోక్కుంటున్నాడు. "ఒంట్లో ప్రోటీన్ల మీద ఉండాల్సిన చక్కెర గొలుసులు సరిగ్గా కట్టడం లేదేమో, దానికో ప్రత్యేకమైన రక్తపరీక్ష ఉంది, రెండు మూడు చోట్లే చేస్తారు" అని ఒక ల్యాబు పేరు చెప్పాడు. "అందులో ఆ పరీక్ష చేసేది మా అక్కేనండీ" అన్నాను. ఆయన చేతిలో పెన్ను జారిపోయింది.

ఇదంతా ఏమిటో నాకు అర్థమయ్యేలా చెప్పు. చదువుకున్నదానివని నెత్తికెక్కించుకుని రాయకు.

నీ తమ్ముడు

జనవరి 16

ఒరేయ్ తమ్ముడూ,

నెత్తికెక్కించుకోవడానికి ఏముందిరా నాకు! సూది పట్టుకుంటే వేలికి గుచ్చుకుంటుందని నాన్న నన్ను కొట్లోంచి తరిమేస్తే, ఇక్కడికొచ్చి రోజంతా అంతకన్నా సన్నని గొట్టాలు పట్టుకుంటున్నాను.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఖాకీ కాగితం దగ్గర ఆగిపోయాను. డాక్టర్లు బరువు చూస్తారు, ఎత్తు చూస్తారు, కానీ నువ్వు చెప్పినంత కచ్చితంగా ఎవరూ చెప్పరు.

ఇక విను. మన ఒంట్లో ప్రోటీన్లు తయారవుతాయి. తయారైనంత మాత్రాన అవి పనికి రావు. చాలావాటి మీద చక్కెరలతో అల్లిన గొలుసులు తగిలించాలి. నువ్వు చొక్కా కుట్టేస్తే పని అయిపోయినట్టేనా? కాజాలు తీయాలి, గుండీలు కుట్టాలి, ఒక్కో పనికి ఒక్కో మనిషి. ఒంట్లో ఆ మనుషుల పేరు ఎంజైములు. గొలుసులు కట్టడానికే పదుల కొద్దీ ఉన్నాయి. వాటిలో ఒక్కటి సరిగ్గా పని చేయకపోయినా గుండీలు లేని చొక్కాలు బయటికి వెళ్ళిపోతాయి. పేగులు పట్టు తప్పుతాయి, రక్తం గడ్డకట్టదు, పిల్ల ఎదగదు.

నేను చేసే పరీక్షలో రక్తంలోని ఒక ప్రోటీనుని పల్చటి జిగురు పలక మీద కరెంటుతో పరుగెత్తిస్తాను. గొలుసులు పూర్తిగా ఉన్నది ఒకచోట ఆగి గీత పడుతుంది. గొలుసు ఊడినది వేరేచోట ఆగుతుంది. గీతలు ఎక్కడ పడ్డాయో చూసి చెప్తాను. అంతే.

మీ డాక్టరుని రక్తం తీయించి, చల్లటి పెట్టెలో పెట్టి నా పేరు మీద పంపమను. ఫారం గురించి మాత్రం తల బద్దలు కొట్టుకోకు. నాలుగు పేజీలుంటుంది, ఆ డాక్టరుకి తీరిక ఉండదు, నువ్వు రాస్తే ఒక్క గడిలో నాలుగు కొట్టివేతలుంటాయి. మన పిల్లే కదా, పుట్టిన దగ్గర్నుంచీ దాని సంగతులన్నీ నాకు నోటికి వచ్చు. నేనే నింపేస్తాను.

మరదలిని ధైర్యంగా ఉండమను. పడుకోబెట్టే ముందు తప్పకుండా ఏదో ఒకటి తినిపించండి, పొద్దుటిదాకా కడుపు ఖాళీగా ఉంచొద్దు. బాబాయి దగ్గు తగ్గిందా?

మీ అక్క

ఫిబ్రవరి 2

అక్కా,

రక్తం నిన్న పంపించాం. అందగానే చెప్పు.

పోయిన వారం గుండీకి ముక్కులోంచి రక్తం కారడం మొదలైంది. ఎంతకీ ఆగలేదు. ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తాం. అక్కడ నాలుగు రోజులు ఉంచారు, ఏవేవో ఎక్కించారు, ఆగింది. నిన్న ఇంటికి పంపేముందు నీకు కావలసిన రక్తం కూడా తీశారు. "మా అత్తకి పంపుతున్నారా? గట్టిగా మూత పెట్టండి" అని నర్సుకి చెప్పింది మీ మేనకోడలు.

కొట్టు మూసి అయిదు రోజులైంది. పెళ్ళి కోటు వాళ్ళు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు, వెళ్తున్నాను. బాబాయి దగ్గు తగ్గింది. ఇక్కడ ఆయన్ని పట్టుకోలేకపోతున్నాం, ఎందుకో తీరిగ్గా రాస్తాను.

నీ తమ్ముడు

ఫిబ్రవరి 12

ఒరేయ్,

ముందు ఆ మాట చెప్పేస్తాను, తర్వాత మిగతావి. గీత సరైనచోటే పడింది! గొలుసులు బాగానే ఉన్నాయి. డాక్టరుకి రిపోర్టు విడిగా పంపాను.

పలక బల్ల మీద పెట్టి కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. ఇక్కడ అందరూ నన్ను రాయి అనుకుంటారు. పక్క బల్ల ఆవిడ వచ్చి "ఏమైంది" అని అడిగితే మొహం అటు తిప్పుకున్నాను. ఈ గొలుసుల జబ్బుల్లో చాలావాటికి మందు లేదు తమ్ముడూ. అందుకే నీకు అప్పుడు ఆ మాట రాయలేదు.

కింద ఎక్కడో చిన్న నీడలాంటివి కనిపించాయి కానీ పలక మీద అలాంటివి పడుతూనే ఉంటాయి. పట్టించుకోవలసిన పని లేదు.

జబ్బు ఇంకేదో అయివుంటుంది, పేగుల సంగతి చూడమని డాక్టరుకి చెప్పు. కానీ పెద్ద భయం తీరింది. మరదలికి చదివి వినిపించు.

మీ అక్క

ఫిబ్రవరి 27

అక్కా,

నా నెత్తిన పాలు పోశావు! నీ ఉత్తరం మా ఆవిడకి చదివి వినిపించమన్నావు కదా, సగంలోనే లాక్కుని తనే చదువుకుంది. తర్వాత దాన్ని మడిచి ఎక్కడ దాచిందో నాకు ఇంకా చెప్పలేదు. ఈ ఊరి డాక్టరు పెద్ద ఆసుపత్రికి ఒక చీటీ రాసిచ్చాడు. నీ మాట విన్నాక ఇక ఆ తిప్పలెందుకని సొరుగులో పడేశాను.

ఇంకో శుభవార్త. మొన్న దానికి గౌను కుడదామని టేపు పెట్టాను. నడుము అంగుళం పెరిగింది! పంతొమ్మిది! ఛాతీ, పొడవు అలాగే ఉన్నాయనుకో, కానీ మొదలంటూ అయింది కదా. పాదాలు కూడా బొద్దుగా అయ్యాయి, పాత చెప్పులు పట్టడం లేదు. కొట్లో గంతులేశాను. కోటు కొలతలివ్వడానికి వచ్చినాయన తన కొలతలకే గంతులేస్తున్నానేమో అనుకున్నాడు.

బాబాయి సంగతి రాస్తానన్నాను కదా. గుండీని ఆసుపత్రిలో పెట్టినప్పుడు దాని గ్రూపు రక్తం కావాలన్నారు. నాది కలవలేదు, మా ఆవిడది కలవలేదు. ఇస్త్రీ బాబాయిది కలిసింది! ఆయన రక్తంలోంచి పసుప్పచ్చటి నీళ్ళలాంటిదేదో విడదీసి మూడు రోజులు కొంచెం కొంచెంగా గుండీకి ఎక్కించారు. దాంతోనే ముక్కులోంచి కారడం ఆగింది. ఆ ఎక్కించడం అయిపోయిన మర్నాడే నీకు పంపిన రక్తం తీశారు. అప్పట్నుంచి బాబాయి కళ్ళు నేల మీద లేవు. ఇస్త్రీ బట్టలకి వచ్చినవాళ్ళందరికీ "ఆ పిల్లలో పరుగెత్తేది నేనే" అని చెబుతున్నాడు. దానికి తిక్కగా మాట్లాడే గుణం వచ్చిందంటే ఆ పుణ్యం ఆయనదే.

నువ్వు ఎప్పుడొస్తావు? గుండీ నీకోసం ఒక డబ్బా పెట్టింది, అందులో నాలుగు కన్నాల గుండీలు మాత్రమే ఉన్నాయి. రెండు కన్నాలవి అత్తకి నచ్చవట. నీకు ఎవరు చెప్పారు అంటే "నాకు తెలుసు" అంటోంది.

నీ తమ్ముడు

మార్చి 4

తమ్ముడూ,

పొద్దున్న ఫోన్‌లో నేను చెప్పింది నువ్వు వినలేదు. అరిచావు, పెట్టేశావు. మళ్ళీ చేస్తే మరదలు ఎత్తి ఏడ్చింది. అందుకే కాగితం మీద పెడుతున్నాను. ఇప్పుడు నువ్వు నా మాటకి అడ్డు రాలేవు.

నేను పరీక్ష చేసింది గుండీ రక్తాన్ని కాదు. చాలావరకు బాబాయి రక్తాన్ని.

ఆ పసుప్పచ్చటి నీళ్ళని ప్లాస్మా అంటారు. నేను పలక మీద పరుగెత్తించే ప్రోటీను ఉండేది అందులోనే. మూడు రోజుల పాటు దాని ఒంట్లోకి బాబాయి ప్రోటీను వెళ్ళింది, నాలుగో రోజు ఆ రక్తమే తీసి నాకు పంపారు. పలక మీద చక్కగా పడిన ఆ గీత బాబాయిది. కింద నీడ అని నేను తోసేసినవి, అవే నా గుండీవి.

ఇందులో నీ తప్పు లేదు, డాక్టరు తప్పు లేదు. ఫారంలో మూడో పేజీలో ఒక గడి ఉంటుంది. "గత నాలుగు వారాల్లో రోగికి రక్తం గానీ ప్లాస్మా గానీ ఎక్కించారా?" అని. వేరే ఎవరి బిడ్డయినా ఆ గడి ఖాళీగా వస్తే నేను ఆ రక్తం ముట్టుకోను, వెనక్కి రాసి అడుగుతాను. ఇరవై ఏళ్ళుగా అదే చేస్తున్నాను. మన పిల్ల కదా అని, నాకు అన్నీ తెలుసు కదా అని, ఆ గడిలో "లేదు" అని నా చేత్తో నేనే రాశాను. "ఏవేవో ఎక్కించారు" అని నువ్వు రాసిన ఉత్తరం అప్పటికి నా సంచీలోనే ఉంది. ఏమెక్కించారని ఒక్క ముక్క అడగలేదు. ఈ మాట రాస్తుంటే సిగ్గుగా ఉంది. మా పై అధికారికి కూడా ఉన్నదున్నట్టు చెప్పేశాను.

ఇక ఆ నడుము. ఛాతీ పెరగకుండా, పొడవు పెరగకుండా నడుమొక్కటే పెరిగితే అది ఎదుగుదల కాదు తమ్ముడూ. అది నీరు. పాదాలు బొద్దు కాలేదు, వాచాయి. వేలితో నొక్కి చూడు, గుంట పడుతుంది.

సొరుగులో పడేసిన చీటీ ఈరోజే తీసి పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్ళు. బాబాయి ప్లాస్మా ఎక్కించి నెల దాటింది, ఇప్పటికి ఆయనది దాదాపు పోయి దానిది మిగిలివుంటుంది. మళ్ళీ రక్తం తీసి పంపమను. ఫారం డాక్టరే నింపాలి, ప్రతి గడీ. ఈసారి పలక నేను చదవను, పక్క బల్ల ఆవిడ చదువుతుంది. ఒకవేళ మళ్ళీ రక్తం కారి ప్లాస్మా కావాలంటే, పరీక్ష పాడవుతుందని వద్దనకు. పిల్ల ముఖ్యం.

నన్ను ఎన్ని తిట్టినా తిట్టు. కానీ వెళ్ళు.

మీ అక్క

మార్చి 9

అక్కకి,

వెళ్ళాం. చేర్చుకున్నారు. వేలితో నొక్కితే గుంట పడింది. రక్తం తీసి పంపారు, ఫారం ఇక్కడి డాక్టరమ్మే నింపింది.

నీకు ఏం రాయాలో తెలియడం లేదు. బాగానే ఉందన్నావు. ఆ కాగితం మా ఆవిడ తలగడ కింద పెట్టుకుని పడుకుందని నిన్ననే తెలిసింది. రోజూ దాన్ని తడుముకుని నిద్రపోయిందట. నేనేమో వాచిన పొట్ట చూసి గంతులేశాను. ఆ గంతులు గుర్తొస్తే నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తోంది. మూడు వారాలు అక్కా! చీటీ సొరుగులో ఉంది, పిల్ల ఇంట్లో ఉంది. నువ్వు ఊరూ పేరూ తెలియని పిల్లకి ఇచ్చిన విలువ నా పిల్లకి ఇవ్వలేదు. నీకు అది తెలిసే రాశావు కాబట్టి మళ్ళీ నేను చెప్పక్కర్లేదు, అయినా చెప్తున్నాను.

బాబాయికి విషయం చెప్పాను. "అయితే నా రక్తం మంచిది కాదని మీ అక్క అందా?" అని అడిగాడు. ఎంత చెప్పినా తలకెక్కడం లేదు. మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. నిన్న తెల్ల చొక్కా కాలరు మాడ్చేశాడు, నలభై ఏళ్ళలో మొదటిసారి.

టైలరు

వదినా, ఆయన కవరు అంటించేలోపు ఇది రాస్తున్నాను. ఇలా సంతకం పెట్టారని మనసు కష్టపెట్టుకోకండి. రాత్రంతా మీ ఉత్తరమే పట్టుకుని కూర్చున్నారు. మీరు తప్పు దాచిపెట్టి ఉంటే మేమింకా ఇంట్లోనే ఉండేవాళ్ళం. గుండీ మీ డబ్బా ఆసుపత్రికి తెచ్చుకుంది.

మార్చి 18

తమ్ముడూ,

చిన్న ఉత్తరం. పక్క బల్ల ఆవిడ పలక చదివింది. నేను గదిలోంచి బయటికి వెళ్ళి నిలబడ్డాను. గీతలు సరైనచోట లేవు. గొలుసుల జబ్బే. మీ డాక్టరు మొదట్లోనే సరిగ్గా పసిగట్టాడు.

గొలుసు కట్టే ఎంజైముల్లో ఏది పని చేయడం లేదో తేల్చాలి. దానికి తెల్లకణాల్లో ఒక్కో ఎంజైమునీ కొలిచే పరీక్ష ఉంది, వేరే ల్యాబులో చేస్తారు. రెండు వారాలు పడుతుంది. నీకు అబద్ధం చెప్పను. చాలావాటికి మందు లేదు. ఒకటి రెండింటికి ఉంది. గుండీ మాటలు, తెలివి, అల్లరి చూస్తే నాకు ఒక ఆశ ఉంది, కానీ ఆశని రిపోర్టులా రాసే పని ఒకసారి చేశాను, మళ్ళీ చేయను.

మరదలికి నా మాటగా చెప్పు, ఆ నాలుగు లైన్లు నాకు చాలా పనికొచ్చాయి.

అక్క

మార్చి 23

అక్కా,

కోపం పోయిందని కాదు, భయం ముందుకొచ్చింది. భయం వేసినప్పుడు నాకు నువ్వు తప్ప ఇంకెవరున్నారు? చిన్నప్పుడు నాన్న కత్తెర పోగొట్టింది నేనైతే దెబ్బలు తిన్నది నువ్వు. అది కూడా గుర్తొచ్చింది నిన్న ఆసుపత్రి వరండాలో.

గుండీకి చేతికి గొట్టం పెట్టి చక్కెర ఎక్కిస్తున్నారు. పొద్దున్నే చెమట పట్టడం లేదు. కానీ గొట్టం తీస్తే మళ్ళీ మొదలే. "ఎన్ని రోజులు ఇలా?" అని డాక్టరమ్మని అడిగితే "అక్కడి కబురు రావాలి" అంది. అక్కడంటే మీ వైపే కదా.

నేను ఒక్కటే అడుగుతాను. ఏది వచ్చినా, మంచిదైనా చెడ్డదైనా, మెత్తగా చేసి చెప్పకు. నేను కత్తెర పట్టేవాణ్ణి, గుడ్డ ఎంత ఉందో ముందే తెలియాలి.

గుండీ పక్క మంచం పిల్లాడి చొక్కాకి గుండీ ఊడితే నన్ను పిలిచి కుట్టించింది. వార్డులో ఇప్పుడు నాకు గిరాకీ బాగుంది.

నీ తమ్ముడు

ఏప్రిల్ 5

ఒరేయ్ తమ్ముడూ!

కూర్చున్నావా? కూర్చో. మరదలిని పిలువు. బాబాయిని కూడా పిలువు.

దొరికింది. మందున్నదే దొరికింది! మూడుసార్లు చూశారు, రెండు చోట్ల చూశారు, నేను ముట్టుకోలేదు. ఇది నీడ కాదు.

నీకు అర్థమయ్యేలా చెప్తాను. గొలుసు కట్టడానికి మానోజ్ అనే చక్కెర కావాలి. మనం తినే మామూలు చక్కెరని మార్చి ఆ చక్కెరని తయారుచేయడానికి ఒక ఎంజైము ఉంది. గుండీలో ఆ ఎంజైమొక్కటే సరిగ్గా పని చేయడం లేదు. మిగతా మనుషులందరూ పనిలోనే ఉన్నారు, కానీ సరుకు అందక చేతులు ముడుచుకుని కూర్చున్నారు. మీ కొట్లో దారానికి రంగు వేసేవాడు రాలేదనుకో, ఏం చేస్తావు? రంగు వేసిన దారమే బయట కొంటావు. ఇదీ అంతే. ఆ మానోజ్‌నే పొడిగా చేసి అమ్ముతారు. నీళ్ళలో కలిపి రోజుకి నాలుగుసార్లు తాగిస్తే, ఒంట్లో దాన్ని అందుకునే వేరే చెయ్యి ఉంది. అక్కడి నుంచి గొలుసులు మామూలుగా కట్టుకుపోతాయి.

చక్కెర కట్టే పనికి వచ్చిన జబ్బుకి మందు చక్కెరేరా! నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఈసారి ఇక్కడ అందరూ చూశారు. చూస్తే చూశారు.

జబ్బు పుట్టుకతో వచ్చింది, పోదు. కాలేయాన్ని ఎప్పటికప్పుడు చూపించుకోవాలి, పొడి మానకూడదు, ఎంత ఇవ్వాలో డాక్టరమ్మే చెప్పాలి, నువ్వు నీ చేత్తో ఒక్క చెంచా ఎక్కువ పోయకూడదు. మెత్తగా చేసి చెప్పొద్దన్నావు కాబట్టి ఇదీ చెప్పాను. కానీ పిల్ల బతుకుతుంది తమ్ముడూ. ఎదుగుతుంది. ఇది డాక్టరమ్మ రాసిన మాట, నాది కాదు.

బాబాయికి ఇది గట్టిగా చదువు: బాబాయ్, నీ రక్తంలో తప్పేం లేదు. తప్పు లేకపోవడమే వచ్చిన చిక్కు. ఒక్క గొలుసు కూడా లోపం లేకుండా అంత చక్కగా ఉంది కాబట్టే నేను మోసపోయాను. ఆరోజు నువ్వు ఇవ్వకపోతే ముక్కులోంచి రక్తం ఆగేది కాదు, మనం ఇక్కడిదాకా వచ్చేవాళ్ళం కాదు. నీ గీత పడిన పలకకి ఫోటో తీయించి పంపుతున్నాను. ఉంచుకో.

ఫారం తప్పుకి ఇక్కడ నాకు మందలింపు పడింది. పడాల్సిందే. ఇకనుంచి సొంతవాళ్ళ రక్తం ఇక్కడ ఎవరూ ముట్టుకోకూడదని కొత్త నియమం పెట్టారు. అది రాసింది నేనే.

మీ అక్క

జూలై 28

అక్కా,

ఇన్నాళ్ళూ పెద్ద ఉత్తరం రాయకపోవడానికి కారణం కోపం కాదు, తీరిక లేకపోవడం. ఒంట్లో బాగున్న మూడేళ్ళ పిల్లని చూసుకోవడం ఎంత పనో నాకు ఇప్పుడు తెలిసింది. జబ్బుగా ఉన్నప్పుడు ఒక్కచోట కూర్చునేది, కొట్టు సర్దినట్టు ఉండేది. ఇప్పుడు ఏ దారం ఏ రీలుదో నాకే తెలియడం లేదు.

పొడి వేళకి పడుతోంది. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, పడుకోబోయే ముందు. మా ఆవిడ గోడ మీద గీతలు పెడుతోంది, ఒక్కటి కూడా తప్పలేదు. మొదటి పది రోజులు కడుపు కొంచెం ఉబ్బరించింది, డాక్టరమ్మ కొలత తగ్గించి మళ్ళీ మెల్లగా పెంచింది. మూడో వారానికి విరేచనాలు ఆగాయి. పొద్దున్న చెమట లేదు. ఇప్పుడు మమ్మల్ని లేపేదే అది. మొన్న కాలేయం చూశారు, ఫరవాలేదన్నారు. మళ్ళీ మీ ల్యాబుకి రక్తం పంపారు, ఫారం డాక్టరమ్మ నింపుతుంటే నేను పక్కనే నిలబడి మూడో పేజీ గడి రెండుసార్లు చదివించాను. ఆవిడ నన్ను వింతగా చూసింది. చూడనీ.

బాబాయి ఆ ఫోటోకి అద్దం కట్టించి ఇస్త్రీ బల్ల పైన తగిలించాడు. బట్టలకి వచ్చినవాళ్ళకి "ఇదిగో, ఇది నా గీత. పెద్ద ల్యాబులోనే దీన్ని చూసి మోసపోయారు" అని చెబుతున్నాడు. నీ పరువు ఈ వీధిలో ఏమాత్రం మిగలలేదు.

ఒక మాట రాయాలని నాలుగు నెలలుగా అనుకుంటున్నాను. ఊరూ పేరూ తెలియని పిల్లకిచ్చిన విలువ నా పిల్లకివ్వలేదని రాశాను. అది తప్పు. మరీ నీదనుకున్నావు కాబట్టే ఆ పొరపాటు చేశావు. ఆరోజే తెలుసు నాకు. అయినా రాశాను, తెలిసే రాశాను. క్షమించు.

ఇక అసలు సంగతి. నిన్న గౌను కుడదామని ఆ ఖాకీ కాగితం గుడ్డ మీద పరిచాను. గుండీ వచ్చి బల్ల పక్కన నిలబడితే అనుమానం వచ్చి టేపు తీశాను. గంతులు వేయలేదు, ఈసారి మూడూ చూశాకే నోరు తెరిచాను. ఛాతీ పంతొమ్మిదిన్నర. పొడవు పదిహేడు. నడుము పద్దెనిమిదిన్నర, అంటే నీరున్నప్పటికంటే అర అంగుళం తక్కువే. మా ఆవిడతో మళ్ళీ కొలిపించాను. బాబాయి కళ్ళజోడు పెట్టుకుని మళ్ళీ కొలిచాడు. ముగ్గురికీ ఒకటే వచ్చింది.

పాత కాగితం చాలలేదు అక్కా. ఎటు తిప్పినా చాలలేదు. కొత్తది కత్తిరించి మేకుకి తగిలించాను. పాతది ఈ కవరులోనే మడిచి పెట్టాను, నువ్వే దాచు. నా కొట్లో ఇక దాంతో పని లేదు.

నీ తమ్ముడు